కాకినాడకు దేహాన్నిచ్చిన హాల్డేన్: తరచుగా అడిగే ప్రశ్నలు

జె.బి.ఎస్. హాల్డేన్ చనిపోయి అరవై ఏళ్ళు దాటింది. ఆయన పేరెత్తితే ఇప్పటికీ రెండు వర్గాలు లేస్తాయి. ఒకరు ఆయన్ని రుషిని చేస్తారు. ఇంకొకరు స్టాలిన్ భక్తుడనీ గూఢచారి అనీ కొట్టిపారేస్తారు. ఆయన జీవితమంతా ఏ మాటనైనా లెక్కగట్టి చూడమన్నారు. ఆయన్ని కూడా అలాగే చూద్దామన్న ఉద్దేశంతో, పాఠకులు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను. కొన్ని జవాబులు పొడుగ్గా ఉంటాయి, విషయం అలాంటిది.

అసలు ఎవరీ హాల్డేన్?

జాన్ బర్డన్ శాండర్సన్ హాల్డేన్. 1892 నవంబరు 5న ఆక్స్‌ఫర్డ్‌లో పుట్టారు. 1964 డిసెంబరు 1న భువనేశ్వర్‌లో, భారత పౌరుడిగా కన్నుమూశారు. ఈ రెండు ఊళ్ళ మధ్య దూరమే ఆయన కథలో సగం.

తండ్రి జాన్ స్కాట్ హాల్డేన్ పేరున్న శరీరధర్మ శాస్త్రవేత్త. బొగ్గు గనుల్లో కార్మికులు ఏ వాయువు పీల్చి చనిపోతున్నారో తెలుసుకోవడానికి స్వయంగా గనుల్లోకి దిగిన మనిషి. కొడుకును చిన్నప్పుడే వెంట తీసుకెళ్ళారు. మీథేన్ పేరుకున్న చోట పిల్లాణ్ణి నిలబెట్టి షేక్స్పియర్ నాటకంలోని ఆంటోనీ ఉపన్యాసం అప్పజెప్పమన్నారు. కాసేపటికి కుర్రాడికి ఊపిరాడక కాళ్ళు తేలిపోయి కింద పడ్డాడు. నేల దగ్గర గాలి బాగానే ఉంది. మీథేన్ గాలికన్నా తేలిక కాబట్టి పైకి చేరుతుందన్న పాఠం ఆయనకు ఒంటితో వంటబట్టింది.

ఆయనకు సైన్సులో పట్టా లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మొదట గణితం, ఆ తర్వాత గ్రీకు, లాటిన్, తత్వశాస్త్రం చదివారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పోరాడి, మెసొపొటేమియాలో గాయపడి, కోలుకోవడానికి ఇండియా వచ్చారు. అప్పుడే అనుకున్నారట: ఈ దేశానికి మళ్ళీ వస్తే ఇక్కడివాళ్ళతో సమానంగా మెలగగలిగినప్పుడే రావాలని. ఆ మాట నిలబెట్టుకోవడానికి నలభై ఏళ్ళు పట్టింది.

కాకినాడకీ ఆయనకీ ఏమిటి సంబంధం?

ఆయన దేహం కాకినాడ చేరింది. తన శరీరాన్ని వైద్య పరిశోధనకూ బోధనకూ వాడాలని వీలునామా రాశారు. ఆ ప్రకారం భువనేశ్వర్ నుంచి దేహాన్ని రంగరాయ వైద్య కళాశాలకు పంపారు. 1958లో మొదలైన ఆ కళాశాల అప్పటికి చాలా కొత్తది. వైద్య విద్యార్థులకు శవవిచ్ఛేదన నేర్చుకోవడానికి దేహం దొరకడం ఎంత కష్టమో ఆ వృత్తిలో ఉన్నవాళ్ళకు తెలుసు.

ఆ వీలునామాలో ఆయన మనసంతా కనిపిస్తుంది. బతికుండగానే నా శరీరం ఈ రెండు పనులకూ ఉపయోగపడింది, చనిపోయాక నేను ఇంకా ఏదో రూపంలో ఉన్నా లేకపోయినా దానితో నాకు పని ఉండదు, కాబట్టి వేరేవాళ్ళు వాడుకోవాలి అని రాశారు. కుదిరితే దేహాన్ని చల్లగా భద్రపరచమనీ, ఆ ఖర్చు తన ఆస్తిలోంచి అన్నిటికన్నా ముందు తీయమనీ కూడా రాశారు. ఆ ఎండల సంగతి ఆయనకు తెలుసు.

దేహదానం గురించి మన దగ్గర ఇప్పటికీ ఇళ్ళలో గొడవలవుతాయి. 1964లో ఒక ప్రపంచ ప్రసిద్ధుడు, తన దేశంలో ఘనమైన సమాధి దొరికే మనిషి, కోస్తాలోని ఒక కొత్త వైద్య కళాశాలకు చేరడం చిన్న విషయం కాదు. ఆయన గురించి మిగతా ఎన్ని వాదనలున్నా దీని విలువ తగ్గదు.

సైన్సులో ఆయన చేసిన పని ఏమిటి? మామూలు మాటల్లో చెప్పండి.

డార్విన్ ప్రకృతి వరణం అన్నారు, అంటే పరిస్థితులకు తగిన జీవులే ఎక్కువ సంతానాన్ని మిగల్చడం. మెండెల్ జన్యువుల లెక్క చెప్పారు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో చాలామంది జీవశాస్త్రవేత్తలు ఈ రెండూ ఒకదానికొకటి పొసగవనుకున్నారు. పొసుగుతాయని గణితంతో చూపించినవాళ్ళు ముగ్గురు: ఇంగ్లాండులో ఆర్.ఎ. ఫిషర్, హాల్డేన్, అమెరికాలో స్యూవల్ రైట్. జనాభా జన్యుశాస్త్రం అని ఈరోజు పిలిచేది వీళ్ళు కట్టిన ఇల్లే. హాల్డేన్ 1924 నుంచి పదేళ్ళపాటు వరసగా రాసిన వ్యాసాలు అందులో ఆయన వంతు.

ఒక ఉదాహరణ. మాంచెస్టర్ చుట్టుపక్కల ఒక రకం రెక్కల పురుగులు ఉండేవి. మామూలుగా లేత రంగు. 1848లో మొదటిసారి నల్లటిది కనిపించింది. ఫ్యాక్టరీల మసి చెట్లకు పట్టినకొద్దీ నల్లవి పెరిగి, శతాబ్దం చివరికి దాదాపు అన్నీ నల్లవే అయ్యాయి. ఏడాదికి ఒకే తరం. అంటే దాదాపు యాభై తరాల్లో రంగు మారిపోయింది. అలా మారాలంటే నల్లటి పురుగు లేతదానికన్నా ఎంత ఎక్కువ సంతానాన్ని మిగల్చాలి? సుమారు ఒకటిన్నర రెట్లు అని 1924లో హాల్డేన్ లెక్క తేల్చారు. ప్రకృతి వరణం అంత బలంగా పని చేస్తుందంటే అప్పట్లో నమ్మడం కష్టమైంది. 1950లలో కెటిల్‌వెల్ అనే జీవశాస్త్రవేత్త అడవుల్లో చేసిన ప్రయోగాలు ఆ బలం నిజమేనని చూపించాయి.

ఇంకొకటి, నాకు అన్నిటికన్నా ఇష్టమైనది. హీమోఫీలియా అనే జబ్బులో రక్తం గడ్డకట్టదు. ఆ రోజుల్లో ఈ జబ్బున్న మగపిల్లల్లో చాలామంది పెళ్ళీడుకు రాకుండానే చనిపోయేవారు. అంటే ప్రతి తరంలోనూ ఆ జన్యువులు కొన్ని వాళ్ళతోపాటే పోతున్నాయి. అయినా జబ్బు తగ్గడం లేదు. కాబట్టి పోయినన్ని కొత్తగా పుట్టుకొస్తూ ఉండాలి. ఆ పుట్టుకొచ్చే రేటును హాల్డేన్ లెక్కగట్టారు. ఒక తరంలో సుమారు 50,000 జన్యువులకు ఒకటి అలా మారుతుందని తేల్చారు. మనిషి జన్యువులో ఉత్పరివర్తన, అంటే ఇలాంటి మార్పు, ఎంత వేగంగా జరుగుతుందో ఎవరైనా అంచనా వేయడం అదే మొదలు. సూక్ష్మదర్శిని లేదు, డీఎన్ఏ అంటే ఏమిటో తెలియదు. చనిపోయిన పిల్లల లెక్కల్లోంచి ఆ సంఖ్యను బయటికి తీశారు.

మనకు మరీ దగ్గరది మలేరియా ఊహ. తలసీమియా లాంటి రక్తపు జబ్బులు కొన్ని ప్రాంతాల్లోనే ఎందుకు అంత ఎక్కువ? ఆ జన్యువు తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచే వచ్చినవాళ్ళకు మలేరియాను తట్టుకునే శక్తి ఏమైనా ఉందేమో, అందుకే అది అక్కడ నిలిచిందేమో అని 1940ల చివర్లో అన్నారు. 1954లో ఆంథొనీ ఆలిసన్ తూర్పు ఆఫ్రికాలో సికిల్ సెల్ అనే మరో రక్తపు జబ్బు విషయంలో అది నిజమని చూపించారు. అరకు, పాడేరు, ఆదిలాబాద్ ఏజెన్సీలో సికిల్ సెల్ ఎందుకుందని అడిగిన పిల్లలకు మనం చెప్పే జవాబు ఈ దారిలో వచ్చినదే. ఆ జన్యువు ఆ జనం చేసిన తప్పు కాదు, వాళ్ళ రక్తంలో ఉన్న లోపమూ కాదు. దోమలున్న అడవిలో తరతరాలు బతికి బయటపడ్డ చరిత్ర అది. ఈ మాట ఏజెన్సీ బడుల్లో గట్టిగా చెప్పాలి.

జీవం ఎలా పుట్టిందన్న దానిమీద 1929లో రాసిన వ్యాసం కూడా ప్రసిద్ధమే. ఆక్సిజన్ లేని తొలి భూమ్మీద, సముద్రాల్లో రసాయనాలు పేరుకుని జీవానికి దారి తీశాయన్న ఊహ అది. రష్యాలో ఒపారిన్ అనే శాస్త్రవేత్త అంతకుముందే అలాంటి ఆలోచనే చెప్పారు. 1963లో ఫ్లోరిడాలో ఇద్దరూ కలిసినప్పుడు, మొదట చెప్పింది ఒపారినే అని హాల్డేన్ అందరి ముందూ ఒప్పుకున్నారు.

నోబెల్ ఎందుకు రాలేదు?

పరిణామ శాస్త్రానికి నోబెల్ విభాగం లేదు. ఫిషర్‌కీ రైట్‌కీ కూడా రాలేదు. రాజకీయాల వల్ల ఆపేశారన్న ప్రచారానికి నేను ఆధారం చూడలేదు. 1952లో రాయల్ సొసైటీ డార్విన్ పతకం ఇచ్చింది.

తన ఒంటి మీదే ప్రయోగాలు చేసుకునేవారట, నిజమా?

నిజం. తండ్రి నేర్పిన అలవాటు. రక్తంలో ఆమ్లం పెరిగితే ఏమవుతుందో చూడడానికి అమ్మోనియం క్లోరైడ్ తాగారు. 1939 జూన్‌లో లివర్‌పూల్ తీరంలో థెటిస్ అనే జలాంతర్గామి మునిగి 99 మంది చనిపోయారు. వాళ్ళెందుకు బయటపడలేకపోయారో తేల్చడానికి హాల్డేన్ కొందరు మిత్రులతో కలిసి మూసేసిన ఉక్కు గదిలో కూర్చుని, కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంటే తమకేమవుతోందో రాసుకున్నారు. తర్వాత నౌకాదళం కోసం ఎక్కువ ఒత్తిడిలోనూ గడ్డకట్టే చలిలోనూ ఇలాంటివే చేశారు. ఆ ప్రయోగాల్లో స్పెయిన్ మాజీ ప్రధాని, స్వయంగా శరీరధర్మ శాస్త్రవేత్త అయిన హువాన్ నెగ్రిన్ కూడా పాల్గొన్నారు. వాటివల్ల హాల్డేన్ వెన్నెముకకు తగిలిన దెబ్బ జీవితాంతం బాధించింది, కర్ణభేరికి చిల్లు పడింది.

ఇవి చదివి ఆయన్ని సాహసికుడిగా మాత్రమే గుర్తుంచుకోవడం నాకు నచ్చదు. ప్రమాదం ఉన్న పనికి ముందు తన ఒంటిని పెట్టాలి, తర్వాతే ఇతరుల్ని అడగాలి అన్నది ఆయన నియమం. తెలియనివాళ్ళ మీద మందులు ప్రయోగించిన చరిత్ర ఆ శతాబ్దంలో చాలా ఉంది. దాని పక్కన పెట్టి చూస్తే ఈ నియమం బరువు తెలుస్తుంది.

లైసెంకో వివాదం ఏమిటి? ఆయన్ని అందరూ తప్పుపట్టేది అందుకేనా?

అందుకే. తప్పుపట్టాల్సింది కూడా అక్కడే.

ట్రోఫిమ్ లైసెంకో సోవియట్ వ్యవసాయ శాస్త్రవేత్త. మొక్కలను కొత్త పరిస్థితుల్లో పెంచితే వాటికొచ్చిన మార్పులు విత్తనాల ద్వారా తరువాతి తరాలకు సంక్రమిస్తాయనీ, మెండెల్ జన్యుశాస్త్రం పెట్టుబడిదారుల కల్పన అనీ వాదించాడు. స్టాలిన్ అండ దొరికింది. 1948 ఆగస్టులో మాస్కోలో జరిగిన వ్యవసాయ అకాడమీ సమావేశంతో సోవియట్ దేశంలో జన్యుశాస్త్రం బోధన, పరిశోధన దాదాపు ఆగిపోయాయి. చాలామంది ఉద్యోగాలు పోయాయి.

ప్రాణాలు పోవడం అంతకుముందే మొదలైంది. నికొలాయ్ వవిలోవ్ ప్రపంచమంతా తిరిగి పంట మొక్కల విత్తనాలు సేకరించిన మహా వృక్ష శాస్త్రవేత్త. 1928లో హాల్డేన్‌ను సోవియట్ దేశానికి ఆహ్వానించింది ఆయనే. 1940లో వవిలోవ్‌ను అరెస్టు చేశారు. 1943 జనవరిలో సరాతోవ్ జైల్లో, తిండి లేక చిక్కి శల్యమై చనిపోయారు. ఆకలి లేని ప్రపంచం కోసం గింజలు పోగుచేసిన మనిషి.

హాల్డేన్ ఏం చేశారు? 1942లో కమ్యూనిస్టు పార్టీలో చేరారు. పార్టీ పత్రిక డైలీ వర్కర్ సంపాదక మండలికి అధ్యక్షుడిగా ఉండి, అందులో వందలకొద్దీ సైన్సు వ్యాసాలు రాశారు. 1948 గొడవ వచ్చినప్పుడు లైసెంకోను గట్టిగా ఖండించలేదు. పూర్తి వివరాలు రాలేదు, ఆధారాలు చూడాలి, కొన్ని ఆలోచనల్లో నిజం ఉండొచ్చు అంటూ మాట్లాడారు. మెండెల్ జన్యుశాస్త్రాన్ని గణితంతో నిలబెట్టిన మనిషి అలా మాట్లాడడం తోటి శాస్త్రవేత్తలకు మింగుడుపడలేదు. అదే ఏడాది అమెరికా జన్యుశాస్త్రవేత్త హెర్మన్ ముల్లర్ సోవియట్ అకాడమీ సభ్యత్వానికి రాజీనామా చేసి బాహాటంగా నిరసన తెలిపారు. ముల్లర్ కూడా వామపక్షవాదే, సోవియట్ దేశంలో పని చేసినవారే. కాబట్టి ఆ రోజుల్లో ఎవరికీ ఏమీ తెలియదన్న సమర్థన నిలవదు.

ఆ తర్వాత, 1950 ప్రాంతంలో హాల్డేన్ పార్టీకి చడీచప్పుడు లేకుండా దూరమయ్యారు. చనిపోవడానికి కొన్ని నెలల ముందు కూడా లైసెంకో మంచి జీవశాస్త్రవేత్తే అన్నారు. అయితే ఆయన ఆలోచనల్లో కొన్ని ఘోరమైన తప్పులనీ, స్టాలిన్ ఇచ్చిన అధికారంతో విలువైన పరిశోధనలను అణచివేయడం సోవియట్ జీవశాస్త్రానికి చేటు చేసిందనీ అదే నోటితో చెప్పారు.

ఆయన అభిమానుల్లో కొందరు దీన్ని రాజకీయ విధేయత అంటారు. ఫాసిజాన్ని స్పెయిన్‌లో కళ్ళారా చూసిన తరం అది, సోవియట్ దేశమే అడ్డుగోడ అనుకున్న తరం. ఆ సందర్భం నాకు అర్థమవుతుంది. అయినా వవిలోవ్ ఆయన మిత్రుడు. ఆధారం లేనిదే ఏదీ ఒప్పుకోని మనిషి, ఆధారం అంతా ఒకవైపు ఉన్నప్పుడు గొంతు తగ్గించారు. ఆయన్ని ఎంత ప్రేమించినా ఈ వాక్యం కొట్టేయడానికి నాకు మనసొప్పదు.

మరి గూఢచారి అన్న ఆరోపణ?

ఇది వేరే సంగతి. పైదానితో కలపకూడదు.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో లండన్ నుంచి మాస్కోకు వెళ్ళిన రహస్య తంతి సందేశాలను తర్వాత విప్పి చదివారు. వాటిలో ఇంటెలిజెన్సియా అన్న మారుపేరుతో ఒక వ్యక్తి ఉన్నాడు. అది హాల్డేనే అని కొందరు రాశారు. కానీ జలాంతర్గాముల మీద ప్రొఫెసర్ హాల్డేన్ నౌకాదళానికిచ్చిన నివేదికను ఈ ఇంటెలిజెన్సియా అందించాడని ఆ సందేశాల్లోనే ఉంది. మారుపేరు, అసలు పేరు ఒకే చోట రెండు వేరువేరు మనుషుల్లా కనిపిస్తున్నాయి. అందువల్ల ఆ మారుపేరు ఆయన మిత్రుడు, సినిమా దర్శకుడు ఐవర్ మాంటగ్యుదని వాదించే పరిశోధకులున్నారు. ఆ నివేదిక మిత్రుడి చేతికి హాల్డేన్ తెలిసి ఇచ్చారా అన్నది ఇంకా తేలని ప్రశ్న. బ్రిటిష్ నిఘా సంస్థ ఏళ్ళ తరబడి ఆయన మీద కన్నేసి ఉంచింది. ఏ కోర్టులోనూ కేసు పెట్టలేదు.

గూఢచారి అని ఖాయంగా రాసేవాళ్ళు సాక్ష్యం కన్నా ముందుకెళ్తున్నారు. పూర్తిగా కడిగిన ముత్యం అనేవాళ్ళు కూడా అంతే.

యూజెనిక్స్‌ను సమర్థించారా?

యూజెనిక్స్ అంటే ఎవరు పిల్లల్ని కనాలో, ఎవరు కనకూడదో నియంత్రించి మనుషుల వంశాన్ని మెరుగుపరచాలన్న వాదం. ఆయన వయసును బట్టి జవాబు మారుతుంది. 1920లలో ఆయన రాతల్లో ఆ తరం చదువుకున్న ఇంగ్లీషువాళ్ళ ధోరణి ఉంది. తెలివి వంశపారంపర్యమనీ, తక్కువవాళ్ళకు ఎక్కువ పిల్లలు పుడుతున్నారనీ ఆందోళన. తల్లి గర్భం బయట పిల్లల్ని పెంచే భవిష్యత్తును ఊహించింది కూడా అప్పుడే. 1930లకు వచ్చేసరికి మారారు. జర్మనీలో నాజీలు బలవంతపు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సల చట్టం తెచ్చినప్పుడు, అలాంటి చట్టాలు వాళ్ళు చెప్పే లక్ష్యాన్ని కూడా సాధించలేవని లెక్కలతో చూపించారు. రెండు లోపభూయిష్ట జన్యువులు కలిస్తేనే బయటపడే జబ్బులో, ఆ జన్యువుల్లో చాలా భాగం ఆరోగ్యంగా కనిపించే మనుషుల్లోనే దాగి ఉంటాయి. జబ్బున్నవాళ్ళ మీద కత్తి పెడితే అవి తగ్గవు. 1939లో అసమానతలు పోకుండా మనుషుల జన్యువుల గురించి తీర్పులు చెప్పలేమని ప్రకటించిన జన్యుశాస్త్రవేత్తల పత్రం మీద ఆయన సంతకం ఉంది.

అలాగని ఆ ఆకర్షణ పూర్తిగా పోలేదు. 1960లలో కూడా గొప్ప మనుషుల్ని క్లోనింగ్‌తో మళ్ళీ సృష్టించడం గురించి మాట్లాడారు. ఆ మాటలు ఈరోజు చదివితే ఇబ్బందిగానే ఉంటుంది. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత విషవాయువులు తూటాలకన్నా తక్కువ క్రూరమని ఆయన చేసిన వాదన కూడా అంతే.

ఇండియా ఎందుకు వచ్చారు?

1957లో, లండన్ యూనివర్సిటీ కాలేజీ ఉద్యోగం వదిలి, కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరారు. పిలిచింది ఆ సంస్థను స్థాపించిన పి.సి. మహలనోబిస్. సూయెజ్ కాలువ కోసం ఈజిప్టు మీద బ్రిటన్ చేసిన దాడికి నిరసనగా దేశం వదులుతున్నానని హాల్డేన్ ప్రకటించారు. అదొక్కటే కారణం కాదు. రిటైర్మెంటు దగ్గరపడింది, ఎండ కావాలి, ఇక్కడి జీవవైవిధ్యం కావాలి. భార్య హెలెన్ స్పర్వే లండన్‌లో పోలీసు కుక్క తోక తొక్కిన గొడవలో జరిమానా కట్టనని జైలుకెళ్ళిన కథ కూడా అప్పటిదే. అరవై ఏళ్ళు మేజోళ్ళు తొడుక్కున్నాను, ఇక చాలు అని కూడా అనేవారు.

వచ్చాక ధోవతి, కుర్తా కట్టారు, మాంసం మానేశారు, పౌరసత్వం తీసుకున్నారు. నాస్తికుడు నాస్తికుడిగానే ఉన్నారు. ఎవరో ఆయన్ని ప్రపంచ పౌరుడని రాస్తే, యూరప్‌కన్నా ఎక్కువ వైవిధ్యం ఉన్న భారతదేశం ఒక అద్భుతమైన ప్రయోగమనీ, అది విడిపోయినా విడిపోవచ్చనీ, అయినా తనను భారత పౌరుడిగానే గుర్తించమనీ జవాబిచ్చారు.

ఇక్కడ ఆయన చేసింది వృద్ధాప్యంలో కాలక్షేపమేనా?

ఇంగ్లాండులో కొందరు అలాగే రాశారు. నేను ఒప్పుకోను.

పేద దేశంలో ఖరీదైన యంత్రాల కోసం ఎదురుచూస్తూ కూర్చోనక్కర్లేదు, కళ్ళు, కాగితం, ఓపిక ఉంటే అసలైన జీవశాస్త్రం చేయొచ్చన్నది ఆయన ఇక్కడ నిలబెట్టిన పద్ధతి. జంతువుల్ని చంపకుండా చేయొచ్చని కూడా. ఆయన బృందంలో ఎస్.కె. రాయ్ పారిజాతం పువ్వుల రేకలు లెక్కపెట్టారు. టి.ఎ. డేవిస్ కొబ్బరిచెట్ల ఆకులు ఏ వైపు మెలి తిరుగుతాయో చూశారు. సురేశ్ జయకర్ హెలెన్‌తో కలిసి గూడు కట్టే కందిరీగల్ని గమనించారు. 1962లో హాల్డేన్, జయకర్ కలిసి మనుషుల బంధుత్వాలన్నిటినీ లెక్కగట్టి ఒక వ్యాసం రాశారు. మేనరికాలున్న సమాజంలో అది ఊరికే గణితం కాదు.

ఇక్కడి కార్యాలయాల తీరుతో ఆయనకు పడలేదు. అమెరికా నుంచి వచ్చిన ఇద్దరు యువ విద్యార్థుల్ని తన విందుకు రానివ్వలేదని 1961లో నిరాహార దీక్ష చేశారు. ఆ ఏడాదే మహలనోబిస్ సంస్థను వదిలేశారు. ప్రభుత్వ పరిశోధన మండలి సి.ఎస్.ఐ.ఆర్.ను స్వతంత్ర పరిశోధనను అణచే మండలి అని పిలిచేవారు. చివరికి ఒడిశా ముఖ్యమంత్రి బిజూ పట్నాయక్ చొరవతో భువనేశ్వర్‌లో జన్యుశాస్త్ర ప్రయోగశాల పెట్టారు. దాన్ని నడపడానికి ఆయనకు రెండేళ్ళకు మించి ఆయుష్షు మిగల్లేదు.

ఆయనతో పని చేయడం తేలిక కాదు. కోపిష్టి, తిట్టేవారు. ఆ మాట శిష్యులే చెప్పారు.

ఆయన దగ్గర పని చేసిన తెలుగువాళ్ళున్నారా?

ద్రోణంరాజు కృష్ణ. 1937లో పిఠాపురంలో పుట్టారు. హాల్డేన్‌కు ఉత్తరం రాసి శిష్యుడయ్యారు, తర్వాత అమెరికాలో స్థిరపడి గురువు జీవితం మీద చాలా రాశారు. లాంటానా పొదల మీద ఏ రంగు పువ్వుకు ఏ సీతాకోకచిలుక వస్తుందో లెక్కపెట్టి, ఒకే చోట ఉన్న మొక్కలు రెండు జాతులుగా విడిపోవడానికి అది కారణం కావచ్చని రాశారు. మీరాఖాన్ అనే తోటి పరిశోధకుడితో కలిసి ఆంధ్రలో మేనరికాలు, మేనమామ-మేనకోడలు పెళ్ళిళ్ళ మీద చేసిన అధ్యయనం 1963లో అచ్చయింది. మన ఇళ్ళలో పెద్దలు కుదిర్చే వరసల్ని శాస్త్రం కోసం పద్ధతిగా లెక్కరాసిన తొలి పనుల్లో అదొకటి.

చెవి అంచున వెంట్రుకలు తండ్రి నుంచి కొడుక్కే వస్తాయని, అది మగవాళ్ళలోనే ఉండే వై క్రోమోజోము లక్షణమని 1960లో వంశవృక్షాలతో ద్రోణంరాజు చూపించారు. చాలాకాలం పాఠ్యపుస్తకాల్లో ఉంది. 2004లో దక్షిణ భారత పురుషుల డీఎన్ఏ పరిశీలించినవాళ్ళు అది వై మీద లేదని తేల్చారు. హాల్డేన్ ఉంటే ఆ వ్యాసాన్ని తాను నడిపిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్ పత్రికలోనే వేసేవారని నా నమ్మకం.

తన సంస్మరణ తానే చెప్పుకున్నారట?

అవును. క్యాన్సర్ శస్త్రచికిత్స కోసం 1964 మొదట్లో లండన్‌లో ఉన్నప్పుడు బీబీసీ రికార్డు చేసింది, చనిపోయాక ప్రసారం చేసింది. గొప్ప చెప్పుకోవడంతో మొదలుపెడతానని చెప్పి, నా చేతిలో రవ్వంత అధికారం లేకపోయినా బతికున్నవాళ్ళలో ఎక్కువ ప్రభావం చూపినవాళ్ళలో నేనొకణ్ణి అన్నారు. ఎందుకో వివరిస్తూ పైన చెప్పిన ఉత్పరివర్తన లెక్కను చెప్పారు. అణుపరీక్షల ధూళి వల్ల ఎంతమంది పిల్లలకు హాని జరుగుతుందో అంచనా వేయడానికి అలాంటి లెక్కే పునాది.

అదే ఆసుపత్రి మంచం మీద తన పెద్దపేగు చివరి క్యాన్సర్ గురించి హాస్య కవిత రాసి న్యూ స్టేట్స్‌మన్ పత్రికకు పంపారు. అనుమానం రాగానే సిగ్గుపడకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళమని జనానికి చెప్పడమే అందులో ఉద్దేశం. ఆ రోగం పేరు పైకి అనడానికే జనం భయపడే రోజులవి.

ఆయన పేరు మీద తిరిగే మాటలు నిజంగా ఆయనవేనా?

దేవుడికి పెంకు పురుగులంటే మహా ఇష్టమన్న మాట ఉంది. పెంకు పురుగుల జాతులు లక్షల్లో ఉన్నాయి కాబట్టి సృష్టికర్త గురించి తెలిసేది అదేనట. ప్రసంగాల్లో అనేవారని మిత్రులు చెప్పారు. ఇద్దరు అన్నదమ్ముల కోసం లేదా ఎనిమిది మంది పినతల్లి, మేనత్త పిల్లల కోసం ప్రాణమిస్తానన్నది శిష్యుడు జాన్ మేనార్డ్ స్మిత్ చెప్పిన కథ. అది పూర్తిగా కల్పన అనలేం, ఎందుకంటే మునిగిపోతున్న బిడ్డను కాపాడడం గురించి అదే లెక్కను హాల్డేన్ 1955 వ్యాసంలో రాశారు.

హెలెన్ స్పర్వే ఏమయ్యారు?

ఆమె మంచి జన్యుశాస్త్రవేత్త. ఎప్పుడూ భర్త నీడలోనే చెబుతారు, అది అన్యాయం. ఆయన పోయాక ఇంగ్లాండు తిరిగి వెళ్ళలేదు. ఇద్దరూ లండన్ నుంచి తమతో తెచ్చిన జర్నల్ ఆఫ్ జెనెటిక్స్‌ను ఇక్కడి నుంచే నడిపారు. చివరి ఏళ్ళు హైదరాబాద్‌లో ఉండి 1978లో అక్కడే చనిపోయారు. కొంతకాలం ఆగిన ఆ పత్రికను 1985లో బెంగళూరులోని ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ మళ్ళీ మొదలుపెట్టింది. ఇప్పటికీ వస్తోంది.

కాకినాడలో విగ్రహం పెట్టాలా?

కోల్‌కతాలో సైన్స్ సిటీ ఉన్న రోడ్డుకు ఆయన పేరుంది. మనకూ ఏదో ఒకటి ఉండాలని కోరేవాళ్ళ బాధ నాకు తెలుసు. అయినా విగ్రహం వద్దంటాను. విగ్రహం పెట్టిన మర్నాటి నుంచి లైసెంకో మాటెత్తితే విగ్రహానికి అవమానం అవుతుంది. దానికి బదులు, దేహదానానికి ముందుకొచ్చే కుటుంబాలకు అడుగడుగునా తోడుండే ఒక మంచి కేంద్రం ఆయన పేరుతో నడిస్తే నాకు ఆనందం. వవిలోవ్ పేరు కూడా దాని గోడ మీద ఎక్కడో ఒకచోట ఉండాలి.

బడిలో ఆయన్ని ఎలా గుర్తు చేసుకోవచ్చు?

ఉపన్యాసాలు తగ్గించి లెక్కలు పెట్టించండి. రెండు పనులు చెబుతాను, ఖర్చు లేనివి.

మొదటిది పారిజాతం. తెల్లవారకముందు రాలిన పువ్వులు ఏరించి రేకలు లెక్కపెట్టించండి. మామూలుగా అయిదు నుంచి ఎనిమిది దాకా ఉంటాయి. ఒక్కో చెట్టుకు విడిగా పట్టిక రాయాలి. చెట్టు చెట్టుకూ సగటు మారుతుందా, పూతకాలం మొదట్లోనూ చివర్లోనూ ఒకేలా ఉంటుందా అన్నది పిల్లలే చూసి చెప్పాలి.

రెండోది కోనసీమ పిల్లలకు మరీ తేలిక. కొబ్బరిచెట్టు మొదట్లో నిలబడి పైకి చూస్తే మట్టలు ఒక వరసలో మెలి తిరుగుతూ కనిపిస్తాయి. కొన్ని చెట్లకు ఎడమ మెలిక, కొన్నిటికి కుడి. దాదాపు చెరిసగం ఉంటాయనీ, తల్లిచెట్టు మెలిక పిల్లచెట్టుకు రాదనీ డేవిస్ చూపించారు. ఎడమ మెలిక చెట్లు ఎక్కువ కాస్తాయని కూడా వాదించారు. ఒక తోటలో వంద చెట్లకు మెలిక రాసుకుని, దింపు తీసినప్పుడల్లా ఏ చెట్టుకు ఎన్ని కాయలో తోట యజమానిని అడిగి రాయండి. ఏడాది లెక్క సరిపోదు, రెండు మూడేళ్ళు రాయాలి. డేవిస్ చెప్పినట్టు రాకపోతే వచ్చిన అంకెనే రాయండి, దాన్ని సరిచేయడానికి చూడొద్దు.